ఇస్తరాకు ముందు కూసున్నోడు

ఏయ్, ఆ ఫోన్లు జేబుల పెట్టుండ్రి. ఓ నీలం అంగీ తమ్మీ, నీ ముచ్చట తర్వాత, జర నోరు మూసి దగ్గరికి జరుగు. ఎనకున్నోళ్లు ముందలికి రాండ్రి, ముందలున్నోళ్లు కింద కూసోండ్రి, మీ మోకాళ్లు తప్ప ఏం కనవడతలేదు. అక్కా, ఆ పిల్లకు బిస్కెట్టియ్యి. ఇయ్యాల్టి ముచ్చటల నెత్తురున్నది, పండ్లూడుడున్నది, ఉడుకుడుకు గట్క ఉన్నది. గుండె మెత్తటోళ్లు పక్కోని భుజం పట్టుకోండ్రి. పక్కోడు సుత మెత్తటోడైతే ఇద్దరు గల్సి గోడ పట్టుకోండ్రి.

సప్పుడు బందయ్యిందా. మంచిది. పోయిన వారం యాడ ఆపినమో మరిచినోళ్లు ఇనుండ్రి.

కోకాపేటల ఔటర్ రింగు రోడ్డు దిగంగనే అద్దాల టవర్లు లేవా, మబ్బులు సుత గేటు కాడ వాచ్‌మన్‌కు పేరు చెప్పి పోవాలె, గంత ఎత్తువి. వాటి కాళ్ల సందుల ఒక రేకుల షెడ్డు. అదే రేణుక మెస్సు. కుర్చీ లేదు, టేబులు లేదు. నేల మీద పట్ట పరుస్తరు, మోదుగాకు ఇస్తర్లు ఏస్తరు, పంక్తిల కాళ్లు మడుచుకొని కూసోవాలె. క్రేను నడిపేటోడు, క్యాబు తోలేటోడు, మెడల ఐడీ కార్డు ఏలాడేటోడు, అందరు ఒకే వరుస. జొన్నరవ్వ ముద్దగ వండే గట్క, బొక్కల పులుసు, పుంటికూర, పచ్చిపులుసు. రేణుక తాలింపు పెట్టిందంటే పైన పదో అంతస్తుల ఏసీ గొట్టాలు సుత ఊపిరి లోపలికే గుంజుకుంటయి.

ఆ షెడ్డున్న మూల మీద 'ఏడు గిన్నెలు' కంపెనోళ్ల కన్ను పడ్డది. అది ఒక్క హోటలైతే గద. ఊరికొకటి, చౌరస్తకొకటి. యాడికి పోయినా అదే బోర్డు, అదే దండం పెట్టుడు, అదే రుచి. రుచి ఒక్క తీరుగ ఎట్లుంటదంటే, కూరలన్ని ఒక్క ఫ్యాక్టరీల వండి, బండరాళ్ల లెక్క గడ్డకట్టిచ్చి లారీలల్ల పంపుతరు. దాని ఓనరు రామబ్రహ్మం. తెల్లంగి, మెత్తటి మాట, మెత్తటి చెప్పులు.

జాగ మాత్రం లచ్చమ్మది. టవర్ల కింద పోయిన పొలమంత ఒకప్పుడు ఆ ముసలామెదే. అంత అమ్మి ఆ మూల ఒక్కటి ఉంచుకున్నది. కూసోని పాన్ నమలనీకె మనిషికి సొంత జాగ ఉండాలె అంటది. రామబ్రహ్మం ఆమె కాడికి పోయి, "ఆ మెస్సుకు ఇప్పుడెవరొస్తున్నారండి, ఆకులు ఎండిపోవడమే గాని" అన్నడు. లచ్చమ్మ అటు రామబ్రహ్మాన్ని, ఇటు రేణుకను నిలవెట్టి తీర్పు చెప్పింది. "రేపు పగటి పూట ఆడ ఒక్క పంక్తి నిండ కూసోవాలె, తినాలె, లెవ్వాలె. టవరు నీడ పొయ్యి మీద పడేలోపట పంక్తి లేస్తే జాగ రేణుకది. లెవ్వకపోతే సారుది. ఇగ పోండ్రి, నా పాన్ ఆరిపోతున్నది."

ఆ పొద్దుమీకే రేణుక పెనిమిటి యాదగిరి మటన్ తేనీకె పోతే, రామబ్రహ్మం మనుషులు అడ్డం తిరిగి కాలు ఇరగ్గొట్టిండ్రు. ఆయన దవాఖానల ఉన్నడు. తెల్లారి రేణుక ఒక్కతే పొయ్యి ముట్టిచ్చింది. వడ్డించే కృపానందం ఇస్తర్లు ఏసిండు. కని తినేటోళ్లు రావద్దా. రోడ్డు మీద మనుషులను అడ్డం పెట్టిండ్రు, పిట్ట సుత ఇటు రాలే. లచ్చమ్మ ప్లాస్టిక్ కుర్చేసుకొని మూలకు కూసున్నది. అప్పుడొచ్చింది వ్యాను. అండ్లకెళ్లి బౌన్సర్లు దిగిండ్రు, ఒక్కొక్కడు రెండు తలుపుల ఫ్రిజ్ అంత. భుజాల మీద గోనె సంచులు, సంచులకెళ్లి తెల్లటి పొగలు. ఆ సంచులల్ల ఏమున్నదో అని మీరంత వారం దినాలు నిద్రపోలేదట గద. కత్తులన్నరు ఒకలు, బాంబులన్నరు ఇంకొకలు.

గుత్తివంకాయ.

నవ్వకుండ్రి. గడ్డకట్టిన గుత్తివంకాయ ఎప్పుడన్న పట్టుకున్నరా. ఇటుక కంటె బరువు, ఇనుము కంటె సల్లన. కత్తి పట్టుకుంటే పోలీసులు పడతరు. వంకాయ పట్టుకున్నోన్ని ఎవడు పడతడు. పంచనామల 'ఆయుధము: వంకాయ' అని రాయనీకె ఏ ఎస్సైకన్న చెయ్యాడతదా. ఒక సంచిల వంకాయ, ఒక సంచిల పప్పు, ఒక సంచిల కోడికూర. కంపెనీ కూర కంపెనీ పనికే వచ్చింది.

అందరికంటె ముందట నిలవడ్డోని పేరు బుజ్జి. తల్లి ఏ రోజుల పెట్టిందో ఆ పేరు, ఇప్పుడు వాడు లిఫ్టెక్కితే మిగిలినోళ్లు మెట్లెక్కాలె. వాడు మెడ ఇరుసుకుంటే ఆ టకటకకు గచ్చిబౌలి దాక కార్ల అలారాలు మోగుతయి. యాదగిరి కాలు ఇరిసింది వీడే.

"అక్కా, పొయ్యి ఆర్పు" అన్నడు బుజ్జి. "నీ మొగనికి ఒక్క కాలే ఇరగ్గొట్టినం. రెండోది నీ మీద గౌరవంతోని ఇడిచినం."

రేణుక తెడ్డు తిప్పుడు ఆపలే. "జర ఆగు. గట్క అడుగంటుతది."

"గట్క కాదక్కా, నీ బతుకే అడుగంటుతది."

"అది ఎప్పుడో అంటింది. గీకి తింటున్న."

ఎనకున్న బౌన్సరొకడు ఫక్కుమన్నడు. బుజ్జి తిరిగి చూసిండు. వాడు నవ్వును మింగిండు, గొంతులకెళ్లి దిగుడు కనవడ్డది.

అప్పుడు కృపానందం చేతులు జోడిచ్చుకుంట ముందటికొచ్చిండు. ఏలూరు దిక్కుకెళ్లి వచ్చినోడు, సన్నటి మనిషి. వడ్డించే ముందల కండ్లు మూసి ప్రార్థన చేయంది గంటె పట్టడు. "బాబూ, భోజనాల వేళండి. గొడవలు తర్వాత పెట్టుకుందామండి. ప్రభువు చూస్తన్నాడు."

"చూడనీ" అని ఒకడు పప్పు గడ్డ ఇసిరిండు.

అది పోయి కృపానందం నెత్తికి తాకింది. పప్పుకు ఏం కాలే. కృపానందం మాత్రం గోడకు ఒరిగి కూలవడ్డడు. నుదురు మీదికెళ్లి నెత్తురు ముక్కు పక్కపొంటి కారి మూతిల పడుతున్నది. "రేణుకమ్మా, నాకేం కాలేదండి" అన్నడు. "నెత్తురొకటే వస్తంది."

పొయ్యిల తుమ్మకట్టె పటుక్కుమన్నది. రేణుకకు అది కట్టె సప్పుడు లెక్క ఇనవడలే. పొద్దుగాల దవాఖానల యాదగిరి చెప్పిండు గద, "నొప్పి తర్వాత తెలిసింది రేణుకా, ముందుగాల సప్పుడే ఇనవడ్డది. ఎవలిదో కట్టె ఇరిగింది అనుకున్న. నాదే." అప్పటికెళ్లి ఆమెకు ఏది ఇరిగినా ఆ బొక్కనే. ఉల్లిగడ్డ పొట్టు ఇరిగినా, అగ్గిపుల్ల ఇరిగినా.

తెడ్డును గట్క బగోనెలకెళ్లి పైకి గుంజింది. తుమ్మకట్టె తెడ్డది, ఆమె కంటె మూరెడు పొడుగు. కొసకు ఉడుకుడుకు గట్క.

మొదటోనికి గదవ కింద తాకింది. వాడు లేసిండు. లేసిండంటే నిలవడ్డడని కాదు, లేసిండు. టవరుల మూడో అంతస్తు కాడ మీటింగు నడుస్తున్నది. అద్దంలకెళ్లి మనిషి మీదికి పోవుడు చూసిండ్రు, మల్ల కిందికి వచ్చుడు చూసిండ్రు. మర్యాదస్తురాలు ఒకామె చెయ్యి సుత ఊపిందట. వాడు పోయి ఇసుక కుప్పల నడుము దాక దిగిండు. కాళ్లు పైకి.

రెండోడు వంకాయ గడ్డ ఎత్తిండు. తెడ్డు వాని ముంజేతి మీద పడ్డది. చెయ్యి ఉండాల్సిన దిక్కుకు లేకుండ పోయింది, వాడు దాన్నే చూసుకుంట నిలవడ్డడు, ఎవలిదో అన్నట్టు. మూడోని మూతి మీద కొడితే పండ్లు రేకుల మీద వడగండ్ల లెక్క టపటప రాలినయి. నాలుగోన్ని పులుసు గంటెతోని కొట్టింది. గంటె వంకర తిరిగింది, వాని ముక్కు సుత అదే వంకర తిరిగింది. రెండింటిని పక్కన పెట్టి చూస్తే ఒకే అచ్చు.

గట్లని ఆమెకేం తాకలేదనుకోకుండ్రి. కోడికూర గడ్డ ఒకటి వచ్చి కనుబొమ్మ చీరింది. నెత్తురు కంట్ల పడి సగం దునియా ఎర్రగయ్యింది. ఒకడు ఎనకనుంచి వచ్చి కొప్పు పట్టుకొని గుంజి మొకాన్ని గుంజకేసి కొట్టిండు. నోట్ల ఉప్పగ తాకింది. బుజ్జి వచ్చి పులుసు తప్యాలను కాలుతోని తన్నిండు, సగం పులుసు ఎగిరి ఆమె ముంజేతి మీద పడ్డది. తోలు ఉల్లిపొర లెక్క లేసింది. ఆమె అరవలే. అరిస్తే ఊపిరి పోతది, ఊపిరి పోతే తెడ్డు లేవది. కొప్పు పట్టుకున్నోని పాదం మీద పొయ్యిల కొరివి పెట్టింది. వాడు అరిచిండు ఆమెకు బదులు.

అగో, అప్పుడు జరిగింది అసలు ముచ్చట.

ముక్కు వంకర పోయినోడు ఉన్నడు గద, వాడు తూలుకుంట తూలుకుంట పోయి పట్ట మీద కూలవడ్డడు. సరిగ్గ ఒక ఇస్తరాకు ముందట. కాళ్లు వాటంతటవే మడుచుకున్నయి. రేణుక ఎంటబడి వచ్చింది, వాని నెత్తి పగలగొట్టనీకె తెడ్డు రెండు చేతుల ఎత్తింది, దించింది, వాని ఎంటికల మీద ఇత్తనమంత దూరంల ఆపింది.

తెడ్డు కొసకెళ్లి గట్క బొట్టు వాని చెవి మీద పడ్డది.

ఎందుకాపిందంటరా. రేణుక తల్లి పెండ్లిళ్లకు వండేది. మన దిక్కు పెండ్లిళ్లు తెలువనివా, మూలుగున్న నల్లిబొక్క పెండ్లికొడుకు మేనమామకు పడకుంటే సుట్టాలు సుట్టాలే తలలు పగలగొట్టుకుంటరు. అట్ల చూసి చూసి ఆ తల్లి ఒక రివాజు పెట్టింది. ఇస్తరాకు ముందు కూసున్నోన్ని కొట్టొద్దు, తిట్టొద్దు, లేపొద్దు. వాడు శత్రువైనా సరే. ఆఖరోడు తినేదాక పంక్తిల ఎవలు లెవ్వొద్దు. కూతురికి బంగారం పెట్టలే, ఆ మాట పెట్టింది. మెస్సు తెరిచిన దినంకెళ్లి రేణుక దాన్ని దాటలే.

ఇగ కృపానందం సంగతి. ఎవలన్న ఆకు ముందు కూసుంటే ఆయన చేతులు ఆయన మాట ఇనవు. గోడ పట్టుకొని లేసిండు, నెత్తురు కారుతుండంగనే కండ్లు మూసి ప్రార్థన చేసిండు, గట్క తెచ్చి వాని ఆకుల పెట్టిండు. "పులుసు గట్టిదా, పలచందా బాబూ?"

ముక్కు వంకరోడు పైన తెడ్డు దిక్కు చూసిండు. ఆకుల గట్క దిక్కు చూసిండు. "గట్టిది" అన్నడు సన్నగ.

మిగిలినోళ్లు ఇదంత చూస్తున్నరు. బౌన్సర్లైతే ఏంది, బుర్ర ఉండదా. పండ్లూడినోడు తెడ్డు తన దిక్కు తిరగంగనే ఉరికి వచ్చి రెండో ఆకు ముందల కూసున్నడు. "నాగ్గూడ" అన్నడు, పండ్లు లేక మాట గాలి పోతున్నది. చెయ్యి తిరిగినోడు మూడో ఆకు. పాదం కాలినోడు కుంటుకుంట నాలుగోది. ఇసుకలకెళ్లి బయటవడ్డోడు నోరంత ఇసుకతోనే వచ్చి కూసున్నడు. ఒకడు తెలివి చూపిద్దామని కూసున్నట్టే కూసొని సగం లేసి కొట్టవోయిండు. లేసినంత వరకు ఆకు ముందు లేనట్టే గద, తెడ్డు ఆ సగానికే పడ్డది. మల్ల కూసున్నడు, ఈసారి మనస్ఫూర్తిగ.

సంచులల్ల మిగిలిన గడ్డలు ఎండకు, పొయ్యి సెగకు కరుగవట్టినయి. రోడ్డు అడ్డం ఉన్నోళ్లు లొల్లి ఇని ఉరికొచ్చి తలా ఒక గడ్డ తీసిండ్రు. గట్టిగ ఇసరవోతే అది చేతులనే కూరయ్యి మోచేతికి కారింది. కూరతోని ఎవన్ని కొడతవు. తెడ్డు దెబ్బ తలా ఒకటి తిని వాళ్లు సుత వరుసల కూసున్నరు.

నిలవడ్డోడు బుజ్జి ఒక్కడే. ఒక చేత్తోని షెడ్డు గుంజ పీకిండు, రేకులు సగం వంగినయి. గుంజతోని ఒక్క ఏటు ఏస్తే రేణుక పక్కటెముకల కాడ నిప్పు పుట్టింది, పొయ్యి మీద పడబోయి బగోనె పట్టుకొని ఆగింది. రెండో ఏటు నేల మీద పడ్డది, నేల పగిలి కింద కేబుళ్లు కనవడ్డయి, ఆరు టవర్లల్ల ఇంటర్నెట్టు పోయింది. మూడో ఏటుకు ఎత్తిండు. ఆమె కిందికి వంగి తెడ్డును వాని మోకాళ్ల ఎనక ఏసి గుంజింది. టవరు కూలినట్టే కూలిండు. ఆ దుమ్ముకు టవరు మెట్ల మీద నిలవడి వీడియో తీస్తున్న సాఫ్ట్‌వేరోళ్లంత తుమ్మిండ్రు. రేణుక తెడ్డుతోని వాని మొకం మీద కొట్టింది, మల్ల కొట్టింది. వాని చెంప చిట్లి లోపలి దవుడ తెల్లగ కనవడ్డది. బుజ్జి మోచేతుల మీద పాకుకుంట పోయిండు. ఆమె ఎంటబడ్డది. ఆమెకు ఇప్పుడు వాని మొకం అక్కర లేదు. వాని కాలు కావాలె. కుడి కాలు, మోకాలు కింద, యాదగిరికి యాడ ఇరిగిందో ఆడ. ఆ సప్పుడు ఇంకొకపారి ఇనాలె, వేరేటోనికెళ్లి.

తెడ్డు ఎత్తింది.

బుజ్జి ఆఖరు బలమంత పెట్టి దొర్లిండు. లేసి కూసున్నడు. ముందట ఇస్తరాకు.

లచ్చమ్మ కుర్చీల ముందటికి వంగింది. ఎర్రగ ఉమ్మేసి, "బిడ్డా" అన్నది.

రేణుక తెడ్డు పైననే ఉన్నది. కంట్ల నెత్తురు, చేతి మీద బొబ్బ, పక్కటెముకల నిప్పు. ఆ కాలు ఆమె ముందట మడిచి ఉన్నది, అందినంత దూరంల. వాడు తల వంచుకొని చిన్నపిల్లగాని లెక్క ఆకు కొసలు సదురుతున్నడు. ఆమె తెడ్డు కిందికి దించి, తప్యాలల మిగిలిన పులుసులకెళ్లి ఏరి ఒక నల్లిబొక్క తీసి వాని ఆకుల పెట్టింది. పండ్ల సందులకెళ్లి అడిగింది, "పుంటికూర ఎయ్యాల్నా?"

"జర ఎయ్యక్కా" అన్నడు బుజ్జి. వాని కండ్లల్ల నీళ్లు. కారం ఎక్కువైందన్నడు, ఇంక నోట్ల పెట్టనే లేదు.

పంక్తి నిండుతున్నది. ఒక్కటంటే ఒక్క ఆకు ఖాళీ. టవరు నీడ పట్ట అంచు దాక వచ్చింది. ఇంకొక్క మనిషి కూసొని తింటే పంక్తి లేస్తది, జాగ దక్కుతది. రేణుక మెట్ల దిక్కు తిరిగి పిలిచింది. "ఒక్కలు రాండ్రయ్య. రోజు తినేటోళ్లే గద, ఆ ఫోను పక్కన పెట్టి ఒక్కలు రాండ్రి." ఎవలు కదలలే. నెత్తురు చూసి భయం ఒకలకు, వీడియో ఆగిపోతదని ఇంకొకలకు.

చెంగుతోని కండ్లు తుడుసుకుంటుండంగ పట్ట అంచు మీద రెండు కాళ్లు మసక మసకగ కనవడ్డయి. మెస్సు పెట్టినప్పటికెళ్లి పట్ట అంచుకు ఏ కాళ్లు వచ్చినా ఆమె నోట్లకెళ్లి ఒకటే మాట వస్తది, తల సుత ఎత్తదు. ఇప్పుడు సుత అదే వచ్చింది.

"కాళ్లు కడుక్కొని కూసోండ్రి సారూ."

"సంతోషం అమ్మా" అన్నడు వచ్చినోడు. మెత్తటి మాట. మెత్తటి చెప్పులు.

రామబ్రహ్మం చెప్పులిడిసిండు, చెంబు తీసుకొని కాళ్లు కడుక్కున్నడు, ఆఖరి ఆకు ముందల సక్కగ కూసున్నడు. కృపానందం చేతులు ఆగవు గద, గట్క పెట్టిండు, పులుసు పోసిండు. వరుసల బౌన్సర్లంత ఓనరును చూసి బుక్క బుగ్గలనే పెట్టుకొని ఆగిండ్రు.

"తినండి బాబూ, తినండి. నాకేం తొందర లేదు" అన్నడు రామబ్రహ్మం. రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నడు. "నేను తినను. లేవను."

రేణుకకు అప్పుడు ఎరుకయ్యింది తన నోరు ఏం చేసిందో. "లెవ్వుండ్రి" అన్నది.

"లేపకూడదు కదమ్మా. కొట్టకూడదు, తిట్టకూడదు, లేపకూడదు. చివరివాడు తినేదాకా వరుస లేవకూడదు." నవ్విండు. "మా డిజైనర్లు పాతకాలం పద్ధతులని అన్ని బ్రాంచీల గోడల మీదా బొమ్మలేసి రాయించారు. అందంగా ఉంటుందని. నీ దగ్గర తిన్నవాళ్లెవరో చెప్పుంటారు. నేను మొన్ననే చదివాను, చేతులు కడుక్కుంటూ."

"అది గోడ మీద రాసేటిది కాదు సారూ."

"అదేనమ్మా తేడా. మా దాంట్లో గంట దాటితే బిల్లు తెచ్చి ముందు పెడతాం, లేవకపోతే ఏసీ తగ్గిస్తాం, ఇంకా లేవకపోతే పక్కన నిలబడి టేబుల్ తుడుస్తాం. ఎంత మొండోడైనా లేస్తాడు. నీ దాంట్లో లేపడానికి ఏ దారీ లేదు. ఇలాంటి హోటల్ ఎన్నాళ్లు నడుస్తుంది చెప్పు."

రేణుక లచ్చమ్మ దిక్కు చూసింది. ముసలామె పాన్ నమిలింది, ఆలోచన చేసింది. "పిలిచినవు. కూసున్నడు. కొడితే నీ తల్లి మాట పోతది" అన్నది. టవరు దిక్కు చూసింది. "నీడ మాత్రం ఆగది."

నీడ పట్ట దాటింది. బౌన్సర్ల ఆకులు ఖాళీ అయినయి. బుజ్జి నల్లిబొక్కను జుర్రుకొని, "సార్, ఒక్క బుక్క తినుండ్రి సార్, కాళ్లు తిమ్మిరెక్కినయి" అన్నడు. రామబ్రహ్మం వాని దిక్కు చూడలే.

రేణుక తెడ్డు ఎత్తింది. మెట్ల మీదోళ్లంత ఫోన్లు ఇంకింత పైకి లేపిండ్రు. కృపానందం కండ్లు మూసిండు. తెడ్డు గాలిల తిరిగింది, కిందికొచ్చింది, బగోనెల మునిగింది. తెడ్డు నిండ గట్క తీసి రామబ్రహ్మం ఆకుల ఏసింది. ధబ్బుమన్నది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"వడ్డిస్తున్న సారూ." ఇంకో తెడ్డు. "మా అమ్మ రివాజుల ఇంకోటున్నది, మీ గోడ మీద జాగ సరిపోలేదేమో. పంక్తిల కూసున్నోని కడుపు నిండేదాక వడ్డించుడు ఆపొద్దు." ఇంకో తెడ్డు. "మీ కడుపు నిండలే గద."

రామబ్రహ్మం లచ్చమ్మ దిక్కు తిరిగిండు. "అమ్మా, ఇది దౌర్జన్యం అండి."

"వడ్డించుడు దౌర్జన్యమెట్లయితది" అన్నది లచ్చమ్మ. "కానియ్యి బిడ్డా."

ఆ బగోనె మామూలుది కాదు. పది టవర్లు కట్టే కూలోళ్లకు గట్క వండిన బగోనె, లోపల ఎవలన్న పిలిస్తే మారు పలుకుతది. రేణుక ఏస్తనే ఉన్నది. గట్క ఆకు దాటింది, మోకాళ్లు ఎక్కింది, తెల్లంగి గుండీలు ఒక్కొక్కటి మింగింది. ఉడుకు గట్క, తాకిన కాడల్ల తోలు ఎర్రగ కమిలి పొగలొస్తున్నది. రామబ్రహ్మం మొకం మీద చెమటలు బొటబొట. దూకి లేద్దామంటే లేసినోనికి తెడ్డున్నది. కూసుందామంటే గట్కున్నది. జేబుల ఫోను మోగుతున్నది, గట్క లోపలికెళ్లి బురదల కప్ప అరిసినట్టు ఇనవడుతున్నది. రొమ్ముల దాక వచ్చింది. మెడ దాక వచ్చింది. చేతులు లోపల్నే బందయినయి. తల ఒక్కటే పైన, తాంబాలంల పెట్టిన కొబ్బరికాయ లెక్క.

నీడ పొయ్యి కాడికొచ్చింది. మూడు రాళ్లల్ల ముందటి రాయిని ముట్టింది.

రేణుక చెయ్యి ఇగ లేవనంటున్నది, బొబ్బ పగిలి నీళ్లు కారుతున్నయి. అయినా ఇంకో తెడ్డు ఎత్తింది. గట్క రామబ్రహ్మం గదవ దాటి కింది పెదవికి ఆనింది. ఇంకొక్క తెడ్డు పడితే ముక్కు మునుగుతది. నోరు తెరిస్తే గట్క లోపలికి పోతది, పోతే తిన్నట్టే, తింటే పంక్తి లేస్తది. పెదవులు బిగబట్టిండు. తెల్లగయినయి. వణికినయి. బౌన్సర్లంత సగం లేసినట్టు మోకాళ్ల మీదికి వచ్చిండ్రు. లచ్చమ్మ నమలుడు ఆపింది. నీడ రాయి దాటి పొయ్యిల బూడిదను తాకింది, తాకలే, తాకనీకె వస్తున్నది. తెడ్డు కొసకు గట్క ముద్ద ఊగుతున్నది. రామబ్రహ్మం పెదవులు సన్నగ ఇడిపోయినయి.

ఎవలు ఊపిరి తీస్తలేరు. ఆ సప్పుడు లేని సందుల, చంకల ఫైలు పెట్టుకున్న ప్లాట్ల బ్రోకరు ఒకడు జనాన్ని తోసుకుంట వచ్చిండు, రామబ్రహ్మం తలకాయ పక్కన గొంతుక్కూసున్నడు, ఫోను తీసి అద్దం అంగీకి తుడిచి ఆయన కండ్ల ముందట పెట్టిండు.

"సార్, మీరు ఎట్లయినా ఇప్పుడే లేసేటట్టు లేరు గద. తెల్లాపూర్‌ల ఈస్టు ఫేసింగు కార్నర్ బిట్టు ఒకటున్నది, ఫోటోలు సూపియ్యనా?"

ఇయ్యాల్టికి గింతే, మిగిలింది వచ్చే వారం.